గట్టి స్ప్రింగా, పట్టున్న వాషరా?

ఎయిర్ గన్ విడిభాగాల అరుగుదల, అమరికలపై ఒక సమీక్ష

పాతబస్తీలో చాలామంది జన్మలో మొదటిసారి తుపాకీ పట్టుకునేది బుగ్గల దుకాణం దగ్గరే. బోనాలకైనా, నాంపల్లి నుమాయిష్‌కైనా, చుట్టుపక్కల ఏ జాతరకైనా ఒకాయన చెక్కకు రంగురంగుల బుగ్గలు కట్టి, ముందు బల్ల మీద రెండు మూడు ఎయిర్ గన్‌లు పెట్టుకుని నిలబడతాడు. అందులో పాతవే ఎక్కువ. స్ప్రింగు ఏ కాలంలోనో మారి ఉంటుంది, తోలు వాషరు ఎన్నిసార్లు మారిందో లెక్క ఉండదు, అసలు పిన్ను ఉండాల్సిన చోట మేకు ముక్క ఉన్నా ఆశ్చర్యం లేదు. అయినా రాత్రి పొద్దుపోయేదాకా పేలుతూనే ఉంటాయి. ఇటు వేలు పోసి కొత్త ఎయిర్ రైఫిల్ కొన్న కుర్రాడు మరికొన్ని వేలు పెట్టి గట్టి స్ప్రింగు వేయించుకుంటాడు. కొన్నాళ్లకే గురి చెదురుతుంది, శబ్దం మారుతుంది, విప్పి చూస్తే కొత్త వాషరు అంచు తెగి ఉంటుంది.

పాతది నడుస్తుంటే కొత్తది ఎందుకు మొరాయిస్తోంది? భాగం మంచిదే అయినప్పుడు తుపాకీ ఎందుకు పాడవుతోంది? ఎయిర్ గన్ వాడేవాళ్లు, బాగుచేసేవాళ్లు దీనికి రెండు రకాలుగా జవాబు చెబుతారు. కొత్త భాగం నాసిరకమని కొందరు, వేసినవాడికి పని రాదని ఇంకొందరు. రెండూ కొంతవరకే నిజం. ఎక్కువ సందర్భాల్లో తప్పు ఎంపిక వరుసలో ఉంది. బలం పెంచే భాగం మొదట మారుస్తున్నారు. గాలిని పట్టి ఉంచే భాగం, కదలికను తిన్నగా ఉంచే భాగం చివరికి మిగిలిపోతున్నాయి. ఒక్కో భాగాన్నీ విడిగా చూస్తే ఈ మాట ఎంతవరకు నిలుస్తుందో తేలుతుంది.

గొట్టం లోపల

స్ప్రింగు ఎయిర్ గన్‌లో గాలి ముందుగా నిల్వ ఉండదు. బ్యారెల్ వంచినప్పుడు స్ప్రింగు నలిగి, పిస్టన్ వెనక్కి వెళ్లి ట్రిగ్గర్ కొక్కేనికి తగులుకుంటుంది. ట్రిగ్గర్ నొక్కగానే పిస్టన్ ముందుకు దూకుతుంది. దాని ముందున్న గాలి నలిగి, సన్నని బెజ్జం గుండా దూసుకెళ్లి ఛర్రాను (పెల్లెట్‌ను) తోస్తుంది. ఇదంతా దాదాపు సెకనులో వందో వంతు పని. అంత వేగంగా వచ్చే పిస్టన్ ఎదురుగా ఉన్న ఇనుప గోడను గుద్దుకోదు. చివరి క్షణంలో అక్కడ చిక్కుకున్న గాలే దాన్ని ఆపుతుంది. అందుకే ఛర్రా పెట్టకుండా పేల్చకూడదని పెద్దలు చెప్పేది. ఎదురుతోపు లేకపోతే గాలి ముందే జారిపోతుంది, పిస్టన్ నేరుగా గోడను కొడుతుంది. పిస్టన్ మూతి వాషరు అరిగినా, బ్యారెల్ మడత (బ్రీచ్) దగ్గర గాలి కారినా జరిగేది అదే, కాస్త తక్కువ మోతాదులో.

దీన్ని ఓపికగా కొలిచి చూపినవాళ్లు బ్రిటన్‌కు చెందిన జి.వి. కార్డ్యూ, జి.ఎం. కార్డ్యూ. 1995లో వచ్చిన వాళ్ల ‘ది ఎయిర్‌గన్ ఫ్రమ్ ట్రిగ్గర్ టు టార్గెట్’ ఈ రంగంలో ఇప్పటికీ ఆధార గ్రంథం. స్ప్రింగులో దాచిన శక్తిలో సుమారు మూడో వంతే ఛర్రాకు చేరుతుందని వాళ్ల ప్రయోగాలు తేల్చాయి. మిగతాది వేడిగా, రాపిడిగా, కుదుపుగా పోతుంది. వాళ్లు ఇంకో పని కూడా చేశారు. గొట్టంలో మామూలు గాలికి బదులు నైట్రోజన్ ఉంచి పేల్చి చూశారు. వేగం బాగా పడిపోయింది. అంటే బలమైన ఎయిర్ గన్‌లో ప్రతి షాట్‌కీ కాస్తంత నూనె ఆవిరి కాలుతూనే ఉంటుంది, ఆ మంట కూడా ఛర్రాను తోస్తుంది. కొద్దిగా కాలితే అది సహజం. ఎక్కువైతే అదే ఒక రోగం. దాని సంగతి వాషరు దగ్గర చూద్దాం.

మూడో వంతే చేరుతుందన్న లెక్కలో ఈ ప్రశ్నకు సగం జవాబు ఉంది. స్ప్రింగు బలం పెంచితే ఛర్రాకు చేరే మూడో వంతు పెరిగినట్టే, తుపాకీని తినే మూడింట రెండు వంతులూ పెరుగుతాయి.

చట్టం గీసిన గీత

బలం మీద మోజు పడేముందు హద్దు తెలియాలి. ఆయుధ చట్టం 1959 కింద వచ్చిన 2016 నిబంధనల ప్రకారం 0.177 అంగుళం, అంటే 4.5 మిల్లీమీటర్ల ఎయిర్ గన్ శక్తి 20 జౌల్స్ లోపు ఉంటే లైసెన్సు అక్కర్లేదు. దాటితే లైసెన్సు కావాలి. కిలోల్లో ఛర్రా బరువులో సగాన్ని వేగం వర్గంతో గుణిస్తే శక్తి వస్తుంది. 0.53 గ్రాముల మామూలు ఛర్రా సెకనుకు 200 మీటర్ల వేగంతో వెళితే 10.6 జౌల్స్. అదే 275 మీటర్లు అందుకుంటే ఇంచుమించు 20 జౌల్స్ గీత మీద నిలబడుతుంది. వేగం మూడో వంతు కన్నా కాస్త ఎక్కువ పెరిగిందంతే, శక్తి మాత్రం దాదాపు రెట్టింపయింది. దుకాణంలో గీతకు ఇవతలే ఉన్న రైఫిల్ స్ప్రింగు మార్పుతో గీత దాటితే, ఆ క్షణం నుంచి అది లైసెన్సు లేని ఆయుధమే. అమ్మినవాడు చెప్పలేదన్న మాట పోలీసు దగ్గర చెల్లదు.

కొన్ని ఇతర దేశాల హద్దులు మరింత కింద ఉన్నాయి. బ్రిటన్‌లో ఎయిర్ రైఫిల్‌కు సుమారు 16.3 జౌల్స్. జర్మనీలో లైసెన్సు లేకుండా కొనదగ్గది 7.5 జౌల్స్, అక్కడి తుపాకీ మీద అయిదు భుజాల గడిలో ‘ఎఫ్’ అక్షరం కనిపించేది అందుకే. ఒలింపిక్స్‌లో 10 మీటర్ల పోటీకి వాడే రైఫిళ్లు కూడా సుమారు ఆ స్థాయిలోనే పనిచేస్తాయి. హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో 701.1 పాయింట్లతో కాంస్యం గెలిచింది ఆ తరగతి రైఫిల్‌తోనే. ఆ పోటీలో పది పాయింట్ల చుక్క వ్యాసం అర మిల్లీమీటరు. దాన్ని కొట్టడానికి 7.5 జౌల్స్ సరిపోతే, పది అడుగుల దూరంలో బుగ్గ పగలడానికి ఎంత కావాలి? లక్ష్యం దృష్టితో చూస్తే మన దగ్గర బలం పెంచుకోవాల్సిన అవసరమే చాలామందికి లేదు. వేటకంటారా, అడవి పిట్ట మీద ఎయిర్ గన్ ఎత్తినా 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వర్తిస్తుంది.

స్ప్రింగు: బలానికి ఉన్న ధర

స్ప్రింగు మార్చేవాళ్లు సాధారణంగా చూసేది పొడవు, లోపలి వ్యాసం. రెండూ కలిస్తే సరిపోయిందనుకుంటారు. అసలు చూడాల్సింది తీగ మందం. మిగతా కొలతలన్నీ ఒకటే అయితే, స్ప్రింగు గట్టిదనం తీగ మందం నాలుగో ఘాతంతో పెరుగుతుంది. 3 మిల్లీమీటర్ల తీగ బదులు 3.2 వాడితే కంటికి తేడా తెలియదు, గట్టిదనం మాత్రం 29 శాతం పెరుగుతుంది. ఆ భారమంతా బ్యారెల్ వంచినప్పుడు పిస్టన్‌ను వెనక్కి నెట్టే కాకింగ్ లివరు మీద, దాని పిన్ను మీద, ట్రిగ్గర్ కొక్కెం మీద పడుతుంది.

ఇంకో ఇబ్బంది చోటుది. 30 చుట్ల స్ప్రింగు పూర్తిగా నలిగి చుట్టు చుట్టుకు ఆనితే, 3 మిల్లీమీటర్ల తీగకు 90 మిల్లీమీటర్లు, 3.2 తీగకు 96 మిల్లీమీటర్లు పడుతుంది. కాకింగ్ చేసినప్పుడు ఆ తుపాకీలో స్ప్రింగుకు మిగిలే చోటు 94 అనుకుందాం. పాతది హాయిగా ఇమిడింది. కొత్తది ఇమడదు. కొక్కేనికి అందడానికి ఇంకా రెండు మిల్లీమీటర్లు ఉండగానే బ్యారెల్ రాయిలా ఆగిపోతుంది. తెలియనివాడు బలంగా లాగుతాడు. లివరు వంగుతుంది, లేదా పిన్ను బెజ్జం కోలగా సాగుతుంది. రెండు చుట్లు కోయించి వేసుకుంటే ఆనడం తప్పుతుంది కానీ, కోసిన చివర చదునుగా లేకపోతే స్ప్రింగు పిస్టన్‌ను ఒక పక్కకు తోస్తుంది. విప్పినప్పుడు పిస్టన్ ఒంటి మీద ఒకే వైపు మెరిసే గీతలు కనిపిస్తే కారణం చాలాసార్లు ఇదే. చివరి చుట్టును చదును చేయడానికి వేడిచేసేటప్పుడు వేడి రెండో చుట్టుకు పాకితే అక్కడి పదును పోతుంది. ఆ స్ప్రింగు తొందరగా కూర్చుంటుంది, అంటే పొడవు తగ్గి బలం కోల్పోతుంది.

పేల్చినప్పుడు టంగుమని మోగడం బలహీనతకు గుర్తని చాలామంది పొరబడతారు. మోగేది స్ప్రింగు లోపల ఉండే గైడు కడ్డీకీ స్ప్రింగుకూ మధ్య ఉన్న సందు. నైలాన్ కడ్డీని లేతు మీద తిప్పించి, స్ప్రింగు దాని మీదకు చేత్తో కాస్త నొక్కితే ఎక్కేంత బిగుతుగా గైడు చేయిస్తే ఆ మోత ఆగుతుంది, కుదుపు తగ్గుతుంది, గురి నిలబడుతుంది. మొత్తం మార్పుల్లో ఖర్చుకు తగ్గ ఫలితం ఎక్కువగా ఇచ్చేది ఇదే. దీని గురించి గొప్పలు చెప్పుకునేవాళ్లు మాత్రం తక్కువ.

వాషరు: తోలా, ప్లాస్టిక్కా?

పిస్టన్ మూతికి ఉండే వాషరు విషయంలో రెండు వర్గాలున్నాయి. తోలు వర్గం పాతది. తోలు నూనె తాగి ఉబ్బి గొట్టం ఆకారానికి తానే సర్దుకుంటుంది. గొట్టం లోపల చిన్న గీతలున్నా, అంతటా ఒకే కొలత లేకపోయినా పట్టు ఇస్తుంది. చెప్పులు కుట్టేవాళ్ల దగ్గర దొరికే మంచి తోలుతో కూడా చేసుకోవచ్చు. బుగ్గల దుకాణాల తుపాకీలు ఏళ్లకేళ్లు బతకడం వెనుక రహస్యం చాలావరకు ఈ తోలే. దానికి శత్రువు ఎండ. హైదరాబాద్ ఎండాకాలంలో రెండు నెలలు మూలన పెట్టిన తుపాకీలో తోలు ఎండి కుంచించుకుపోతుంది. మొదటి షాట్లు నీరసంగా వస్తాయి. వాషరు పోయిందనుకుని మార్చేస్తారు. చాలాసార్లు రెండు చుక్కల నూనె వేసి, ఒక రాత్రి నిలువుగా ఉంచితే సరిపోతుంది.

పాలీయురేథేన్ వంటి సింథటిక్ సీలుది వేరే గుణం. అది కొలతకు పుట్టింది కాబట్టి గొట్టం కూడా కొలతలో ఉండాలి. లేతు గీతలున్న పాత గొట్టంలో ఇది తోలుకన్నా త్వరగా అరుగుతుంది. బిగుతు ఎక్కువైతే పిస్టన్ వేగం పడుతుంది, వదులైతే గాలి కారుతుంది. సరిచూసే పద్ధతి తేలిక. స్ప్రింగు లేకుండా సీలు ఉన్న పిస్టన్‌ను గొట్టంలో పెట్టి వేలితో తోయాలి. కాస్త ఎదురు తిరుగుతూ కదలాలి. ముందరి బెజ్జం వేలితో మూసి తోస్తే గాలి నలిగి పిస్టన్ వెనక్కి రావాలి. మొదటి పరీక్షలో బిగుతనిపిస్తే సీలును సన్న గరుకు కాగితంతో, తిప్పుతూ, కొద్దికొద్దిగా తగ్గించాలి. పాలీయురేథేన్‌లో కొన్ని రకాలు వేడి, తేమ కలిస్తే ఏళ్ల మీద మెత్తబడి ముక్కలవుతాయి. వానాకాలం తర్వాత విప్పితే జిగటగా తగిలే సీలు అలాంటిదే. దాన్ని నూనెతో బతికించలేం.

కొత్త సీలు మొదటి రోజే కారిందన్న ఫిర్యాదులో ఎక్కువసార్లు నింద తప్పు చోట పడుతుంది. సీలు గొట్టంలోకి వెళ్లే దారిలో కాకింగ్ లివరు కోసం కోసిన గాడి ఉంటుంది. కార్ఖానాలో ఆ గాడి అంచులు చాలాసార్లు కత్తిలా వదిలేస్తారు. సీలు ఆ అంచు దాటుతుండగా పెదవి తెగుతుంది, తెగినట్టు ఎవరికీ కనపడదు. ఎక్కించేముందు గాడి అంచుల్ని సన్న ఆకురాయితో, ఆ తర్వాత గరుకు కాగితంతో మొద్దుబార్చి, ఇనుప పొడి పూర్తిగా తుడిచి, సీలుకు పల్చగా గ్రీజు రాసి తోయాలి. పావుగంట పని. దీన్ని దాటేసినవాళ్లే మూడో సీలు కూడా కొంటారు.

ఇక నూనె రోగం. పేల్చినప్పుడు పెద్ద చప్పుడు, బ్యారెల్ నుంచి పొగ, కాలిన వాసన వస్తే లోపల నూనె మోతాదు మించి కాలుతోందని అర్థం. నలిగిన గాలి వేడి వందల డిగ్రీలు దాటుతుంది. కుట్టుమిషన్ నూనె, కొబ్బరినూనె, తుప్పు వదిలించే స్ప్రే, ఏది బెజ్జంలో పోసినా అది డీజిల్ ఇంజిన్‌లా మండుతుంది. ఒకటి రెండు షాట్లు బలం పెరిగినట్టు అనిపించి పోసినవాడికి సంతోషం కలిగిస్తుంది. ఆ తర్వాత సీలు అంచు మాడుతుంది, ఎదురు దెబ్బకు స్ప్రింగు విరగవచ్చు. సింథటిక్ సీలున్న తుపాకీలో స్ప్రింగుకు, పిస్టన్ వెనక భాగానికి మాత్రమే గ్రీజు. సీలు ముందువైపు పొడిగా ఉండాలి.

బ్రీచ్, బ్యారెల్, మడత

బ్యారెల్ వంగే మడత దగ్గర ఉండే చిన్న రింగు, బ్రీచ్ సీలు, ఈ మొత్తం కథలో చవకైన భాగం. గాలి కారడంలో ముందు అనుమానించాల్సింది కూడా దాన్నే. పల్చని టిష్యూ కాగితం ముక్కను మడత మీద పెట్టి పేలిస్తే, కాగితం ఎగిరినా చిరిగినా అక్కడ కారుతున్నట్టే. రింగు మార్చేటప్పుడు కొలతకు మించిన మందం పెడితే బ్యారెల్ పూర్తిగా మూసుకోదు, ప్రతి షాట్‌కూ వేరే కోణంలో నిలబడుతుంది. పట్టు బాగుండి గురి చెదిరే విచిత్రం అప్పుడే పుడుతుంది. కింద పల్చని కాగితపు వాషర్లు వేసి కొద్దికొద్దిగా ఎత్తు సరిచేయడమే నాజూకైన పద్ధతి.

మడత బోల్టు దగ్గర బ్యారెల్ పక్కకు ఆడితే ఎంత మంచి స్కోపు పెట్టినా వృథా. రెండు వైపులా పల్చని ఉక్కు షిమ్ములు వేసి ఆట తీసెయ్యాలి. అరిగింది బెజ్జమా బోల్టా అన్నది ముందు వెర్నియర్‌తో చూడాలి. బెజ్జం అరిగితే కొత్త బోల్టు వేసి లాభం లేదు, బుష్ కొట్టించాలి. గట్టి స్ప్రింగు వేసిన రైఫిళ్లలో స్కోపు వెనక్కి జారడం మరో మామూలు ఫిర్యాదు. స్ప్రింగు రైఫిల్ ముందు వెనక్కి, ఆ వెంటనే ముందుకు కుదుపుతుంది. ఒకే వైపు కుదుపు కోసం చేసిన స్కోపు దీన్ని తట్టుకోదు. మౌంటు జారకుండా అడ్డుపిన్ను ఉన్నది తీసుకోవాలి.

బ్యారెల్‌ను మార్చే ముందు ఛర్రా మార్చి చూడాలి. 4.5 అని రాసి ఉన్నా డబ్బాలను బట్టి 4.49 నుంచి 4.52 దాకా కొలతలుంటాయి. ఒక్కో బ్యారెల్‌కు ఒక్కోటి నప్పుతుంది. తర్వాత బ్యారెల్ మూతిని భూతద్దంతో చూడాలి. బల్ల మీద, నేల మీద ఆనించి ఆనించి అంచు సొట్టపడితే ఛర్రా బయటికొచ్చే క్షణంలో గాలి ఒక పక్క ముందు తప్పించుకుంటుంది. ఖరీదైన కొత్త బ్యారెల్ కొనాల్సినంత జబ్బు చాలాసార్లు మూతి సరిచేయడంతో నయమవుతుంది.

ట్రిగ్గర్: ఇక్కడ ప్రయోగాలు వద్దు

గట్టి స్ప్రింగు భారం చివరికి నిలబడేది ట్రిగ్గర్ కొక్కెం మీద. ట్రిగ్గర్ తేలిగ్గా నొక్కాలని కొక్కెం అంచును ఆకురాయితో రుద్దేవాళ్లున్నారు. కొక్కెం పైపొర మాత్రమే గట్టిపరిచి ఉంటుంది. అది అరిగితే లోపలి మెత్తటి ఇనుము కొద్దిరోజుల్లోనే గుండ్రబడుతుంది. మామూలు ఎం.ఎస్. (మైల్డ్ స్టీల్) ఇనుముతో లేతు దగ్గర చేయించిన కొక్కెం కూడా అంతే. ఛర్రా పెడుతుండగా అది జారిపోతే బ్యారెల్ ఒక్క ఊపున మూసుకుంటుంది, వేళ్లు ఆ మధ్యలో ఉంటాయి. అందుకే ఛర్రా పెట్టేటప్పుడు బ్యారెల్‌ను రెండో చేత్తో గట్టిగా పట్టుకోవాలన్న నియమం. ట్రిగ్గర్ భాగం మాత్రం తయారీదారుడి దగ్గరి నుంచే రావాలి. విప్పేటప్పుడు కూడా స్ప్రింగుకు ముందుగా బిగింపు ఉంటుంది. బిగించే క్లాంపు లేకుండా వెనక పిన్ను లాగితే ఆ స్ప్రింగు ముఖం మీదికి వస్తుంది.

ఎయిర్‌సాఫ్ట్ గేర్‌బాక్సు

విదేశాల్లో ఆటగా పెరిగిన ఎయిర్‌సాఫ్ట్ ఇదే సూత్రానికి మోటారు తగిలించింది. జపాన్‌కు చెందిన టోక్యో మారుయి 1991లో ఫామాస్ నమూనాతో తొలి విద్యుత్ ఎయిర్‌సాఫ్ట్ రైఫిల్ తెచ్చింది. బ్యాటరీతో మోటారు తిరిగి, మూడు గేర్లు పిస్టన్ పళ్లను లాగి స్ప్రింగును నలిపి వదులుతాయి. 6 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ గోలీ, 0.20 గ్రాములది, సెకనుకు 100 మీటర్లతో వెళితే 1 జౌల్. జపాన్ చట్టం హద్దు కూడా దాదాపు అంతే.

ఇక్కడి జబ్బులు వినగానే పోలిక తెలుస్తుంది. ఎం120 వంటి గట్టి స్ప్రింగు వేస్తే మొదట పోయేది పిస్టన్ పళ్లు. పిస్టన్ మరీ ముందుకు వెళ్లి నిలిస్తే గేరు మొదటి పన్ను దాన్ని ఏటవాలుగా పట్టుకుంటుంది, ప్రతి షాట్‌కూ ఆ పన్ను చెక్కుకుపోతుంది. సిలిండర్ మూత దగ్గర రబ్బరు మెత్త వేసి పిస్టన్ నిలిచే చోటును సరిచేస్తే పన్ను నిండుగా పడుతుంది. గేర్లకు షిమ్ములు సరిగా లేకపోతే కీచుమంటాయి. మోటారు ఎత్తు సరిపోకపోతే పినియన్ పళ్లు నలుగుతాయి. గాలి మూతి పొట్టిదైతే గోలీని పట్టే రబ్బరు దగ్గర కారుతుంది, పొడుగైతే గోలీ ఎక్కదు. 6.08 బ్యారెల్ తీసి 6.03 సన్న బ్యారెల్ పెట్టేవాళ్లు 5.95 మిల్లీమీటర్ల శుభ్రమైన గోలీ వాడకపోతే బ్యారెల్ పట్టేస్తుంది. గేర్‌బాక్సు మీద ‘వెర్షన్ 2’ అని రాసి ఉన్నంత మాత్రాన ఒక కంపెనీ భాగం ఇంకో కంపెనీ డబ్బాలో ఆకురాయి లేకుండా కూర్చోదు.

మన దగ్గర ఎయిర్‌సాఫ్ట్ వాడకం చాలా తక్కువ. నిజం తుపాకీని అచ్చుగుద్దినట్టుండే బొమ్మను పాతబస్తీ గల్లీలో బయటికి తీయడం భాగాల సమస్యకన్నా పెద్ద సమస్య తెస్తుంది. కానీ దాని అనుభవం ఎయిర్ గన్ వాడేవాళ్లకు ఒక పాఠం చెబుతుంది: రెండు లోకాల్లోనూ గొలుసులో ఒక లంకె గట్టిపడితే తెగేది పక్క లంకే.

చేతి పని, కార్ఖానా పని

ఒకదాని భాగం ఇంకోదానికి ఎందుకు పట్టదన్నది చాలా పాత ప్రశ్న. 1785లో ప్యారిస్‌లో ఓనొరే బ్లాంక్ అనే పనివాడు మస్కెట్ల పేల్చే యంత్రాంగాల (లాక్‌ల) భాగాలను కలిపేసి, చేతికందిన ముక్కలతో తిరిగి బిగించి చూపించాడు. అప్పుడు అక్కడ అమెరికా రాయబారిగా ఉన్న థామస్ జెఫర్సన్ అది చూసి స్వదేశానికి ఉత్తరం రాశాడు. దాదాపు అదే కాలంలో ఇంకో ఫ్రెంచివాడు రేమండ్, ఇక్కడి జనం నోట మూసా రాముడు, నిజాం అలీఖాన్ కొలువులో ఉండి హైదరాబాద్‌లో ఫిరంగులు పోత పోయించాడు. 1798లో ఇక్కడే చనిపోయాడు. మూసీకి అవతల గన్‌ఫౌండ్రీకి ఆ పేరు వచ్చింది ఫిరంగులు పోసిన ఆ తోప్ కా సాంచా వల్లే. ప్యారిస్‌లో కొలతకు కొలత సరిపోయే భాగం పుడుతున్న రోజుల్లో ఇక్కడ ప్రతి తుపాకీ తన భాగాలతోనే పుట్టేది. బుగ్గల తుపాకీ ఇప్పటికీ ఆ రెండో సంప్రదాయానిదే. దాని పిస్టన్‌కు దాని గొట్టమే సరి. అందుకే పక్క తుపాకీ భాగం తీసి వేస్తే పట్టదు, పాతబస్తీ పనివాడు చేత్తో అమర్చితే పడుతుంది.

ఇప్పుడు మన దేశంలోనూ కొలతకు కట్టుబడిన తయారీ ఉంది. బ్యారెళ్లు తొలిచే యంత్రాలు చేసే నేపథ్యం నుంచి వచ్చిన ప్రిసిహోల్ వంటి సంస్థల రైఫిళ్లకు వాటి భాగాలే వాడితే అమరిక సమస్య చాలావరకు ఉండదు. సమస్య ఎక్కువగా పుట్టేది ఒకరి రైఫిల్, ఇంకొకరి స్ప్రింగు, మూడో చోటి సీలు కలిసినప్పుడే.

మరి స్థానికంగా ఏది చేయించాలి, ఏది చేయించకూడదు? నైలాన్ గైడు, షిమ్ములు, బుష్‌లు, తోలు వాషర్లు, మడత బోల్టు నిస్సంకోచంగా చేయించవచ్చు. ఓ-రింగులు, నైలాన్ కడ్డీలు రాణిగంజ్‌లో కొలతతో అడిగి కొనుక్కోవచ్చు. పని ఖచ్చితంగా కావాలంటే బాలానగర్ వైపు లేతు పనివాళ్లు ఉన్నారు. 1968 నుంచి సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ ఉన్న ప్రాంతం అది. స్ప్రింగు, కొక్కెం, బ్యారెల్ మాత్రం స్థానికంగా వద్దు. మొదటి రెంటికీ ఉష్ణ సంస్కారం కావాలి, మూడోదానికి లోపలి మెలిక గాళ్లు కావాలి. ఇక గాలి సిలిండర్లతో నడిచే పోటీ రైఫిళ్లు వేరే తరగతి. 200 బార్ల ఒత్తిడి నింపే ఆ సిలిండర్ల మీద తయారీదారులు సాధారణంగా పదేళ్ల గడువు వేస్తారు. అందులో సీలు మార్పు కూడా శిక్షణ ఉన్నవాళ్ల పనే.

వెతికే వరుస

తుపాకీ మొరాయిస్తే వెంటనే విప్పడం మన అలవాటు. విప్పడం చివరికి రావాలి. మొదట కర్ర స్టాక్ స్క్రూలు బిగించి చూడాలి. గురి చెదరడానికి ఇంతకన్నా మామూలు కారణం లేదు. తర్వాత ఛర్రా మార్చాలి, బ్యారెల్ శుభ్రం చేయాలి, కాగితంతో బ్రీచ్ చూడాలి, మడతలో ఆట చూడాలి. ఇవన్నీ పైపైన చేసేవే.

ఇంతకీ తేలకపోతే వేగం కొలవాలి. క్రోనోగ్రాఫ్ ముందు పది షాట్లు వేస్తే రోగం తనే పేరు చెబుతుంది. వేగం అన్నిట్లోనూ ఒకేలా తక్కువగా ఉంటే స్ప్రింగు కూర్చుంది. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువగా ఊగుతుంటే గాలి కారుతోంది, లేదా ఛర్రా నప్పడం లేదు. మామూలుకన్నా ఎక్కువగా ఉండి పొగ వస్తుంటే నూనె కాలుతోంది. మొదటి రెండు మూడు షాట్లు నీరసంగా ఉండి తర్వాత కుదురుకుంటే తోలు ఎండింది. క్రోనోగ్రాఫ్ లేకపోతే పది మీటర్ల దూరంలో తెల్లకాగితం మీద పది ఛర్రాలు వేసి, గుంపు నిలువుగా సాగిందా పక్కలకు చెదిరిందా చూసినా కొంత తెలుస్తుంది. నిలువు సాగడం వేగం ఊగడానికి, పక్క చెదరడం మడత, స్క్రూల వదులుకు సూచన.

విప్పిన తర్వాత ఒకసారికి ఒకే భాగం మార్చాలి. మూడు మార్చి బాగైతే దేనివల్ల బాగైందో తెలియదు, పాడైతే దేనివల్ల పాడైందో అసలే తెలియదు. తీసిన పాత భాగం పారేయకూడదు. కొత్త దాన్ని దాని పక్కన పెట్టి తీగ మందం, చుట్ల సంఖ్య, లోపలి, వెలుపలి వ్యాసాలు రాసుకోవాలి.

తీర్పు

మొదట్లో చెప్పిన రెండు జవాబుల్లో భాగం నాసిరకమన్నది కొద్ది సందర్భాల్లోనే నిలిచింది. పనితనం లోపం ఎక్కువసార్లు కనిపించింది, కానీ అది గాడి అంచు రుద్దకపోవడం, చుట్లు లెక్కపెట్టకపోవడం వంటి పావుగంట పనుల లోపం. వీటన్నిటికీ పైన నిలిచేది వరుస తప్పడం. బలం కావాలనుకునే ముందు ఉన్న బలం ఎక్కడ కారుతోందో చూడని తుపాకీలే ఎక్కువ.

ఎవరికి ఏది తగునన్నది కూడా తేలింది. బుగ్గల దుకాణం నడిపేవాళ్లకు తోలు వాషరు, మెత్తని స్ప్రింగు సరైన కలయిక. లివరు తేలిగ్గా వంగుతుంది, పిల్లల చేతికి అందుతుంది, రోజంతా పేలినా కొక్కెం నిలుస్తుంది. ఇంట్లో కాగితం గురి సాధించేవాళ్లు బ్రీచ్ రింగు, గైడు, షిమ్ముల మీద ఖర్చుపెట్టి కార్ఖానా స్ప్రింగునే ఉంచుకుంటే 20 జౌల్స్ గీతకు ఇవతలే ఉంటారు, గురిలో ముందుంటారు. స్ప్రింగు నిజంగా కూర్చుందని కొలతతో తేలినవాళ్లు అదే తీగ మందంలో, అదే చుట్లలో కొత్తది వేసుకోవాలి. వీళ్లందరిలో ఎవరికైనా మొదటి ఖర్చు ఒక మంచి వెర్నియర్ మీద. అది లేకుండా కొన్న ప్రతి భాగం అంచనా మీద కొన్నదే, అంచనా తప్పినప్పుడు అరిగేది తుపాకీ.